మునెమ్మ అడిగిన నిశ్శబ్దం

చిన్నబ్బను మా ఆస్పత్రికి తెచ్చేసరికి అతని ఒళ్ళంతా తెల్లగా ఉంది. తిరుపతిలో గంగమ్మ జాతర మొదలైన రోజది. ఆరోజు బైరాగి వేషం కడతారు. తల నుంచి పాదాల దాకా నామం సుద్ద పూసుకుని, వేపమండలు పట్టుకుని వీధుల వెంట తిరిగి, గుడికి వెళ్ళి మొక్కు తీర్చుకుంటారు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఆ వేషాలు నాకు కొత్త కాదు. అయినా స్ట్రెచర్ మీద కదలకుండా పడుకున్న ఆ తెల్లటి మనిషి కళ్ళు తెరిచి నావైపు చూసినప్పుడు ఒక్క అడుగు వెనక్కి వేశాను.

"గుడికాడికి పోతాపోతా పడిపోయినాడు మేడం. కుడికాలు చల్లబడి పోయినాది," అంది పక్కనున్న ఆడమనిషి. అతని భార్య మునెమ్మ. చిత్తూరు దగ్గర పల్లెలో వాళ్ళకు బెల్లం గానుగ ఉంది. నెల రోజులుగా అతనికి జ్వరం వస్తూ పోతూ ఉందని, టైఫాయిడ్ అని ఎవరో మాత్రలు రాసిచ్చారని, రక్తపరీక్షల్లో ఏమీ దొరకలేదని చెప్పింది. అంత జ్వరంతో ఎండలో వేషం కట్టించి ఎందుకు తిప్పారమ్మా అని కసిరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మా వార్డులో అందరికీ తెలుసు. ఆమె తలవంచుకుంది.

కాలి మీద సుద్ద తుడిస్తే కింద చర్మం నీలంగా ఉంది. ఆ కాల్లో నాడి దొరకలేదు. ఛాతీ మీద తుడిస్తే నిలువునా పాత ఆపరేషన్ గీత కనిపించింది. రెండేళ్ళ కిందట చెన్నైలో గుండెకు మెటల్ వాల్వు వేశారట. ఎక్కడి నుంచో ఏదో ముక్క తెగి, రక్తంలో కొట్టుకొచ్చి కాలి రక్తనాళంలో ఇరుక్కుందని అర్థమైంది. ఆ ఎక్కడి నుంచో అన్నది గుండె అయి ఉండాలి.

స్టెతస్కోపు పెట్టి విన్నాను. మెటల్ వాల్వు ఉన్నవాళ్ళ గుండె గోడగడియారంలాగా టిక్కు టిక్కుమంటుంది. సన్నగా ఉండే మనుషులకైతే పక్కన కూర్చుంటే చాలు, స్టెతస్కోపు లేకుండానే వినిపిస్తుంది. చిన్నబ్బ ఎముకల గూడులాంటి మనిషి. అతని గుండెలో ఆ టిక్కు లేదు. ఎక్కడో లోతున, గుడ్డ చుట్టిన సుత్తితో కొట్టినట్టు మెత్తటి చప్పుడు మాత్రం ఉంది.

"ఈయన వాల్వు శబ్దం ముందు గట్టిగా వినిపించేదా?" అని మునెమ్మను అడిగాను.

"లేదు మేడం. మొదట్నించీ ఇట్లే," అంది వెంటనే.

"ఎప్పుడూ టిక్కుమనలేదా?"

"లేదు మేడం."

చిన్నబ్బ కళ్ళు మూసుకున్నాడు. ఇద్దరూ అబద్ధం చెబుతున్నారని నాకు తెలిసిపోయింది. ఎందుకు చెబుతున్నారో తెలియలేదు. జబ్బును దాచేవాళ్ళను, తాగుడును దాచేవాళ్ళను చూశాను. చప్పుడును దాచేవాళ్ళను అదే మొదటిసారి చూడటం.

కాలు పోకుండా ఉండాలంటే అడ్డుపడ్డ ముక్కను వెంటనే తీసేయాలి. మా సర్జన్ సుబ్రమణ్యం గారు తీశారు. మామూలుగా అలాంటిచోట దొరికేది నల్లగా, ఎర్రగా గడ్డకట్టిన రక్తం. ఈసారి ఆయన గిన్నెలో వేసి నా ముందు పెట్టినది బూడిదరంగులో ఉంది. వేలితో తాకితే పొడిపొడిగా విడిపోయేలా ఉంది. "ఇది రక్తం గడ్డ కాదు కోమలీ. ఏంటో నాకూ తెలీలేదు. ల్యాబుకు పంపు," అన్నారు. ముప్పయ్యేళ్ళ సర్వీసున్న మనిషి తెలియదంటే, ఆ గిన్నెను నేనే ల్యాబుకు పట్టుకెళ్ళి ఇచ్చాను.

ల్యాబులో రెబెకా ఉంటుంది. సూక్ష్మజీవుల డాక్టరు, నాతో కలిసి చదువుకుంది, నా కోపానికి భయపడని కొద్దిమందిలో ఒకతె. గంటలోపే ఫోన్ చేసి, "రా, కంటితో చూడు," అని పెట్టేసింది.

మైక్రోస్కోపులో చూస్తే దారాలు. సన్నటి, గాజులాంటి దారాలు, కణుపు కణుపుకూ చీలి, ఆ చీలిన కొమ్మలు మళ్ళీ చీలి, ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉన్నాయి. రక్తకణాలు వాటి మధ్య అక్కడక్కడా ఇరుక్కుని కనిపించాయి.

"బూజు," అంది రెబెకా. "ఆస్పర్జిల్లస్. రొట్టె మీద, తడిసిన గడ్డి మీద పడుతుందే, ఆ జాతిది. వాల్వు మీద కాపురం పెట్టింది. రక్తపరీక్షలో ఎన్నిసార్లు చూసినా దొరకదు. పక్కింట్లో దొంగ ఉన్నట్టే, ఉంటాడు, కనపడడు. ఇట్లా ముక్క తెగి కాల్లోకో మెదడులోకో కొట్టుకొచ్చినప్పుడే తెలుస్తుంది. ఇతని అదృష్టం, కాల్లోకి వచ్చింది."

గొంతులోంచి గొట్టం దించి గుండెను వెనక నుంచి స్కాన్ చేశాం. తెర మీద వాల్వు రెక్కలు కనిపించలేదు. వాటి మీద ఏదో ముద్ద కూర్చుని ఉంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అది అటూ ఇటూ ఊగుతోంది. నీళ్ళ అడుగున నాచు ఊగినట్టు, తొందరేమీ లేకుండా ఊగుతోంది. అలాంటిది పుస్తకాల్లో చదవడమే తప్ప నేనెప్పుడూ చూడలేదు. చూస్తున్నంతసేపూ అది కూడా మమ్మల్ని గమనిస్తోందేమో అనిపించింది. ఆ మాట పైకి అనలేదు. డాక్టరు నోట అలాంటి మాట వస్తే నలుగురూ నవ్వుతారు.

ఆ సాయంత్రం భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. గుండెలో బూజు పట్టింది. దాన్ని చంపే మందు మొదలుపెట్టాం కానీ మందొక్కటే చాలదు. ఛాతీ తెరిచి, ఆ వాల్వును బూజుతో సహా తీసేసి కొత్తది పెట్టాలి. ఆలస్యమైతే తర్వాతి ముక్క మెదడులోకి పోవచ్చు. ఆపరేషన్ చేసినా గట్టెక్కుతాడని హామీ ఇవ్వలేను, చేయకపోతే మాత్రం బతకడు.

"ఇప్పుడైనా నిజం చెప్పండి. శబ్దం ఎప్పుడు ఆగింది?" అన్నాను.

మునెమ్మ భర్త ముఖం చూసింది. అతను తలాడించాడు. అప్పుడు చెప్పింది.

మెటల్ వాల్వు పెట్టించుకుని ఇంటికొచ్చినప్పటి నుంచి వాళ్ళింట్లో ఆ టిక్కు తప్ప వేరే ధ్యాస లేదట. గానుగ ఊరికి దూరంగా ఉంటుంది. చీకటి పడితే చుట్టూ చెరుకు తోటలే. ఆ నిశ్శబ్దంలో అతని ఛాతీలోంచి టిక్కు, టిక్కు. "ఒగ టిక్కు ఇన్నాక ఇంగోటి వొస్తాదో రాదో అని ఊపిరి బిగబట్టుకోని పండుకునేదాన్ని మేడం. వొచ్చినాక మళ్ళా దాని తరవాతదాని కోసరం. రెండేండ్లు నేను నిద్ర పోలేదు," అంది. చివరికి గంగమ్మకు మొక్కుకుంది. ఆ శబ్దం లేకుండా చెయ్యి తల్లీ, జాతరకు మా ఆయన చేత బైరాగి వేషం కట్టిస్తా అని. మొక్కుకున్న కొన్నాళ్ళకే శబ్దం మెత్తబడింది. ఉగాది దాటేసరికి పూర్తిగా ఆగిపోయింది.

"ఆ పొద్దు నేను పాయసం జేసి అందరికీ పెట్టినాను," అంది.

నాకు ఒళ్ళు మండింది, వెంటనే జాలి కూడా వేసింది. శబ్దం ఆగడమే జబ్బు. ఆగిన రోజునే వస్తే కాల్లోకి ముక్క వచ్చేది కాదేమో. మొక్కు తీరేలోపు దేనికి మొక్కుకున్నారో బయటపెడితే ఫలించదని వాళ్ళ నమ్మకం. అందుకే జ్వరం చూసిన డాక్టర్లెవరికీ చెప్పలేదు, నేనడిగినా చెప్పలేదు.

"సరే, ఇప్పుడు చెప్పారుగా. ఎల్లుండి ఆపరేషన్ చేద్దాం," అన్నాను.

"వొద్దు మేడం," అన్నాడు చిన్నబ్బ. అంతవరకూ అతను నోరు విప్పలేదు. "అమ్మ ఇచ్చింది. దాన్ని కోసి అవతల పారేస్తే ఆయమ్మ గమ్మునుంటాదా? నన్ను కాకుంటే మునెమ్మను పట్టుకుంటాది."

"అది అమ్మవారు కాదయ్యా, బూజు!"

"బూజే. లోపల ఎవురో దుప్పటి కప్పుకోని పండుకున్నట్టు ఉండాది నాకు. లేపితే ఊరుకోరు మేడం."

ఎంత చెప్పినా వినలేదు. అరిచాను, బతిమాలాను, సుబ్రమణ్యం గారి చేత చెప్పించాను. మందు ఎక్కించినప్పుడల్లా మంచం అదిరేలా వణికేవాడు, పళ్ళు బిగించి ఓర్చుకునేవాడు. సంతకం మాత్రం పెట్టలేదు. తన ప్రాణం కంటే పెళ్ళాం మీదికి వచ్చే కోపానికే అతను ఎక్కువ భయపడ్డాడు. అలాంటి మొండితనం మీద ఎలా కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

ఆ మరుసటి రోజు మునెమ్మ నా గది ముందుకు వచ్చి నిలబడింది. "దాన్ని నాకు సూపిచ్చు మేడం," అంది. వద్దనబోయి ఆగాను. ల్యాబుకు తీసుకెళ్ళాను.

కాల్లోంచి తీసిన ముక్కను రెబెకా గాజుపళ్ళెంలో బూజు పెరిగే ఆహారం మీద నాటి వెచ్చటి పెట్టెలో పెట్టింది. మూత బిగించిన ఆ పళ్ళెంలో అప్పటికే దూదిపింజలాంటి తెల్లటి నూగు లేచి ఉంది. నామం సుద్ద పూసుకున్న ఒంటి రంగే. మధ్యలో కాస్త పచ్చదనం తిరుగుతోంది. మొగుడి గుండెలో ఉన్నది తన కళ్ళెదుట పెరుగుతుంటే మునెమ్మ చాలాసేపు చూసింది.

"మా చెరుకు పిప్పి తడిస్తే దాని మీద పట్టేది ఇదే మాదిరి ఉంటాది," అంది.

"కావచ్చమ్మా, కాకపోవచ్చు. ఇది గాల్లో అన్నిచోట్లా ఉంటుంది. మీ గానుగలోదే అని ఎవరూ చెప్పలేరు," అంది రెబెకా.

"అమ్మ యాడ ఉంటే ఆడి నుంచే గదా ఇస్తాది." గొంతులో ఏడుపు లేదు. "ఇదా నేను అడిగింది? దీనికా నేను పాయసం పెట్టింది?"

రెబెకా మెడలోని సిలువను వేళ్ళతో పట్టుకుంది. నేను చూడటం చూసి వదిలేసింది.

తర్వాతి పొద్దున వార్డు వరండాలో అరుపులు వినిపించి పరుగెత్తాను. జాతరలో ఆరోజు తోటి వేషం. ఒంటికి బొగ్గు పూసుకుంటారు. వేషం కట్టినవాళ్ళు ఎవరినైనా తిట్టవచ్చు, అమ్మవారిని కూడా. ఎంత మాటన్నా తప్పు పట్టరు. ఈ ఊళ్ళో తరతరాలుగా ఉన్న హక్కది.

వరండా మధ్యలో మునెమ్మ నిలబడి ఉంది. ముఖం, మెడ, చేతులు కారునలుపు. కళ్ళు, పళ్ళు మాత్రమే తెల్లగా ఉన్నాయి. చేతిలో వేపమండలు. జుట్టు విరబోసుకుంది.

"ఏమే గంగమ్మా!" అని అరిచింది. "నీకు సెవులుండాయా, లేక మన్ను పోసుకున్నావా? నేనేమడిగితి, నువ్వేమిస్తివి? నిద్ర అడిగితే ముండమోపితనం ఇస్తావంటే? బూజు పట్టిన బుద్ధి నీది! నా మొగుడి గుండెకాయే దొరికినాదా నీకు కూసోను? లెయ్! లేసి బయటికి రా! ఇయ్యాలనుంటే నాకియ్యి. అడిగినదాన్ని నేను. ఆయప్పనేమన్నా తాకినావంటే నీ గుడి ముందర నిలబడి నీ ఏడు తరాలనూ కడిగేస్తా!"

ఇక్కడ రాయలేనివి ఇంకా చాలా తిట్టింది. వార్డంతా విన్నది. ఆమెను ఆపాల్సిన సెక్యూరిటీ ఆయన చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆపడానికి వచ్చిన నేనూ ఆగిపోయాను. ఆ నల్లటి ముఖంలో మునెమ్మ పోలికే లేదు. ఆమె ఎవరిని తిడుతోందో వాళ్ళు ఎదురుగా నిలబడి వింటున్నట్టే ఉంది. నాకు నిజంగానే భయమేసింది. తిట్టి తిట్టి చివరికి గోడకు చేరగిలబడి కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

లోపలికి వెళితే చిన్నబ్బ దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళలో నీళ్ళు, పెదవి మీద నవ్వు.

"ఆ నోటికి జడిసి ఆయమ్మే లేసి పోతాది. రాండి మేడం, యాడ పెట్టాల సంతకం?"

కొత్త వాల్వు ఎలాంటిది పెట్టాలన్న మాట వచ్చింది. జంతువు కణజాలంతో చేసినదైతే శబ్దమే రాదు, అతని జబ్బుకు ఏదైనా ఒకటే, మీ ఇష్టం అన్నారు సుబ్రమణ్యం గారు. చిన్నబ్బ భార్య వైపు చూశాడు. "శబ్దం వొచ్చేదే పెట్టండి సార్," అంది మునెమ్మ. "గమ్మునుండేది మాకొద్దు."

పాత వాల్వును బయటికి తీసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. బూడిదరంగు నూగు అంచుల దాకా అల్లుకుని, రెక్కలు కదలకుండా పట్టుకుని ఉంది. ఇన్నాళ్ళూ ఈ మనిషి ఎలా నడిచాడో, వేషం కట్టి ఎలా తిరిగాడో అర్థం కాలేదు. సుబ్రమణ్యం గారు చుట్టూ ఉన్నదంతా శుభ్రంగా గీకి, కొత్తది కుట్టారు. అతను వారాల తరబడి ఆస్పత్రిలోనే ఉన్నాడు. మూత్రపిండాలు మొరాయించాయి, మళ్ళీ దారికి వచ్చాయి. బతికినన్నాళ్ళూ బూజు మందు మింగాలని, ఒక్క పూట కూడా మానకూడదని ఒట్టు పెట్టించుకుని పంపాను. వెళ్ళే రోజు అతని మంచం పక్కన నిలబడితే టిక్కు టిక్కుమని స్పష్టంగా వినిపించింది. మునెమ్మ ఆ చప్పుడుకు తలాడిస్తూ బట్టలు సర్దుకుంది. "ఇప్పుడు నిద్ర పడుతోందా?" అన్నాను. "జోలపాట మాదిరి ఉండాది మేడం," అంది.

ప్రతి రెండు నెలలకూ వచ్చేవాళ్ళు. స్కాన్ శుభ్రంగా ఉండేది. అతను కండ పట్టాడు, గానుగలో పిప్పి పని వేరేవాళ్ళకు అప్పగించాడు. బెల్లం తెచ్చిచ్చేవాడు. తీసుకోనని నేను తిట్టేదాన్ని, తిట్టి తీసుకునేదాన్ని.

ఏడాది తిరిగి మళ్ళీ జాతర వచ్చింది. బైరాగి వేషం మరునాడు, ఓపీ మొదలవుతుండగానే, మునెమ్మ నా గది తలుపు తోసుకుని వచ్చింది. వెనకే చిన్నబ్బ. చెవుల వెనక, గోళ్ళ సందుల్లో ఇంకా తెల్లటి సుద్ద ఉంది.

"ఆగిపోయినాది మేడం!" అంటూ అతన్ని నా ముందుకు లాగింది. "నిన్న సగంలో విడిసిన మొక్కు తీర్సుకుంటానని పొయ్యి వేషం కట్టినాడు. వొద్దంటే ఇన్లేదు. గుడి నించి ఇంటికొచ్చినాడు, అప్పట్నుంచీ శబ్దం లేదు. మళ్ళా వొచ్చేసినాదది!"

ఆ బూజు తిరగబెడితే రెండోసారి గట్టెక్కించడం దాదాపు అసాధ్యం. కుర్చీలోంచి లేచాను. లేచి, మధ్యలోనే ఆగాను.

టిక్కు. టిక్కు. టిక్కు.

బల్లకు ఇవతల ఉన్న నాకు వినిపిస్తోంది. ఫ్యాను చప్పుడును దాటుకుని మరీ వినిపిస్తోంది.

"నేనూ సెప్తానే ఉండాను మేడం, బాగానే కొట్టుకుంటాండాదని. ఇనదే," అన్నాడు చిన్నబ్బ.

అయినా పరీక్షలన్నీ చేయించాను. స్కాన్‌లో వాల్వు రెక్కలు తళతళలాడుతూ తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. బూజు జాడ లేదు. అప్పుడు మునెమ్మ చెవులకు స్టెతస్కోపు తగిలించి, రెండో కొసను అతని ఛాతీ మీద పెట్టాను. ఆమె శ్రద్ధగా విని, తల అడ్డంగా ఊపింది. "ఏమీ లేదు మేడం."

చెవి డాక్టరు దగ్గరికి పంపాను. వయసుకు తగ్గట్టు బాగానే ఉన్నాయని, సన్నటి చప్పుళ్ళు కొన్ని వినపడకపోవచ్చని రాసిచ్చాడు. నేను గుసగుసగా మాట్లాడితే విన్నది. కిటికీ బయట పావురాల రెక్కల చప్పుడు విన్నది. పక్కగదిలో పడ్డ చెంచా చప్పుడుకు తిరిగి చూసింది. ఆ ఒక్క టిక్కు మాత్రం ఆమెకు లేదు.

వివరంగా చెప్పాను. ఆయన బాగున్నాడమ్మా, తేడా నీ చెవిలో ఉంది, వయసుతో వస్తుంది అని. ఆమె ముఖంలో భయం నెమ్మదిగా కరిగింది. ఏదో తెలిసిపోయినట్టు తలాడించింది.

"నాకియ్యమంటిని. ఇచ్చేసినాది," అంది. చేతులెత్తి దండం పెట్టింది. "ఆయప్పను ఒదిలేసినాది. శానా మంచిదమ్మా ఆ తల్లి."

వయసు వల్ల అని మళ్ళీ చెప్పబోయాను. నా మాట నాకే చప్పగా తోచి ఊరుకున్నాను.

లేచి గుమ్మం దాకా వెళ్ళినావిడ వెనక్కి వచ్చింది. దండం పెట్టిన చేతులు ఇంకా విడదీయలేదు. గొంతు మాత్రం మారిపోయింది.

"మేడం, ఇంగ రేత్రిపూట అది నిజంగా ఆగిపోతే నాకెట్ల తెలుస్తాది?"

చిన్నబ్బ ఆమె చెయ్యి తీసుకుని తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఆమె అరచేయి చొక్కా మీద వెతుక్కుంటూ ఉండిపోయింది. టిక్కు, టిక్కుమని ఆ చప్పుడు మా ముగ్గురి మధ్యా కొట్టుకుంటూనే ఉంది. అది నాకు వినిపిస్తోంది, అతనికి వినిపిస్తోంది, గుమ్మం దగ్గర నిలబడ్డ నర్సుకు కూడా వినిపిస్తోంది. మునెమ్మ నా జవాబు కోసం చూస్తోంది.